దుస్తులకు హుందాతనం తెచ్చే రంగుల పొందిక

బట్ట రంగును మూడు కొలతలతో చెప్పవచ్చు. ఎరుపు, పసుపు, నీలం అనే జాతి మొదటిది. ఆ రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నది రెండోది. ఎంత గాఢంగా మెరుస్తోంది, లేక ఎంత మసక కలిసింది అన్నది మూడోది. అమెరికన్ చిత్రకారుడు, కళోపాధ్యాయుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో వెలువరించిన పుస్తకంలో రంగులన్నింటినీ ఈ మూడు కొలతల మీదే అమర్చి చూపాడు. ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. బట్టల దుకాణంలో మాటలు మాత్రం మొదటి కొలత దగ్గరే తిరుగుతుంటాయి. ఎరుపు తీయమంటారు, పచ్చ వద్దంటారు, నీలం నప్పదంటారు. హుందాతనం విషయంలో ఎక్కువ పని చేసేవి మిగిలిన రెండు కొలతలే. మిరపపండు రంగు, ఇటుక రంగు, మెరూన్ మూడూ ఎరుపు జాతివే. అయినా ఆఫీసు సమావేశానికి కట్టుకున్న మెరూన్ నూలు చీర కంటిని నిలిపి పంపేస్తుంది. అదే చీర మిరపపండు రంగులో ఉంటే కన్ను అక్కడే చిక్కుకుపోతుంది. కాబట్టి ఏ రంగు హుందా అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఏ గాఢతలో, ఎంత మేర, దేని పక్కన, ఏ బట్ట మీద, ఏ వెలుతురులో అని విడదీసి అడిగితేనే దొరుకుతుంది.

దేని పక్కన అన్న ప్రశ్నను శాస్త్రీయంగా పట్టుకున్నవాడు ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజెన్ షెవ్రెల్. పారిస్‌లోని గోబెలాన్ నేత కర్మాగారంలో 1824 నుంచి అద్దకం విభాగానికి ఆయన అధిపతి. అక్కడ అద్దిన నల్ల దారాల్లో చిక్కదనం లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. ఆ నలుపును నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల అది వెలిసినట్టు కనబడుతోంది. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాని తీరును మరొకటి మార్చేస్తాయన్న ఈ సూత్రాన్ని ఆయన 1839లో పెద్ద గ్రంథంగా ప్రచురించాడు. అందులో దుస్తుల గురించి, ముఖఛాయ పక్కన ఏ రంగు ఎలా పనిచేస్తుందన్న దాని గురించి కూడా రాశాడు. ఏ రంగైనా తన పక్కనున్నదాని మీద తన ఎదురు రంగు ఛాయను పరుస్తుంది. పచ్చ బట్ట పక్కన చర్మం కొంచెం ఎర్రగా తోస్తుంది, ఎర్ర బట్ట పక్కన ఆ ఎరుపు తగ్గినట్టు ఉంటుంది. ఊదా పక్కన పసుపు మరింత పసుపెక్కుతుంది.

చీర నేసేవారికి ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును అడ్డంగా సాగే పేక దారాల దగ్గర ముడివేసి కలుపుతారు. కంచి పట్టులో ఒళ్లు, అంచు వేర్వేరు రంగుల్లో నేసి కోర్వై పద్ధతిలో జోడిస్తారు. ఇంత శ్రమ ఎందుకంటే, పేక దారం అంచు నుంచి అంచుదాకా ఒకటే అయితే ఒంటి రంగు అంచులోకి చొరబడి దాన్ని మసకబరుస్తుంది. విడిగా నేస్తే ఆవపిండి పసుపు మీద వంగపండు అంచు, చిలకపచ్చ మీద మెరూన్ అంచు దేని రంగులో అది స్వచ్ఛంగా నిలబడతాయి. అయితే రెండు గాఢమైన ఎదురు రంగులు నేరుగా తగిలితే ఆ గీత దగ్గర కంటికి అదురు పుడుతుంది. ఆ అదురును అణచేది జరీ. రెండు రంగుల మధ్య సన్నని జరీ గీతైనా, కోటకొమ్మల వరసైనా పడగానే అవి పోట్లాడుకోవడం మానేస్తాయి. జరీని సంపదకు గుర్తుగా మాత్రమే చూసేవాళ్లు ఈ పనిని గమనించరు. జరీ లేని నూలు చీరల్లో ఇదే పని సన్నని తెల్ల గీతో నల్ల గీతో చేస్తుంది.

నిలువుగా సాగే పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసి నేసిన డబుల్ షేడ్ చీరలది వేరే దారి. ధర్మవరం పట్టుకు ఇందులో పేరుంది. నీలం, పచ్చ కలిసిన నెమలికంఠం రంగు ఇలా పుట్టేదే. దారాలు సన్నగా ఉండటం వల్ల కన్ను వాటిని విడదీయలేక రెండింటినీ కలిపి మూడో రంగుగా చూస్తుంది. మనిషి కదిలినప్పుడు మడతల్లో ఒకసారి పడుగు పైచేయి అవుతుంది, ఒకసారి పేక. రెండు రంగులూ ఒకదాన్నొకటి కొంత మసకబరచడం వల్ల గాఢత దానంతటదే తగ్గుతుంది. ఖరీదైన అలంకారం లేకపోయినా ఇలాంటి చీర నిండుగా కనబడటానికి అదే కారణం.

మేర అనేది రంగు ఎంపికలో ఎక్కువమంది లెక్కపెట్టని విషయం. రెండు రంగులు సగం సగం పంచుకున్న దుస్తుల్లో ఏది ముందో ఏది వెనకో తేలక చూపు ఊగిసలాడుతుంది. ఒకటి ఎక్కువ భాగం ఆక్రమించి, రెండోది దానికి లోబడి, మూడోది ఎక్కడో చిన్నగా మెరిస్తే కంటికి దారి దొరుకుతుంది. ఇంటి అలంకరణవాళ్లు దీన్ని అరవై, ముప్పై, పది పాళ్లుగా చెబుతుంటారు. ఆ అంకెలను పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఐదున్నర మీటర్ల చీరలో ఒళ్లు, అంచు-కొంగు, జాకెట్టు దాదాపు ఆ పాళ్లలోనే సర్దుకుని ఉంటాయి. మంగళగిరి చీర ఇందుకు మంచి నమూనా: బుటాలు లేని సాదా ఒళ్లు, జరీతో నేసిన నిజాం అంచు, అంతే. సల్వార్ కమీజులోనూ ప్యాంటు చొక్కాలోనూ ఈ పంపకం నేతలో ఉండదు, వేసుకునేవాళ్లే చేసుకోవాలి. పొడవాటి కమీజు, పైజామా, చున్నీ మూడూ మూడు గాఢమైన రంగుల్లో ఉంటే ఏ ఒక్కటీ చెడ్డది కాకపోయినా మొత్తం చెదిరిపోయేది అందుకే. అందులో రెండు ఒకే రంగులో ఉండి మూడోది మారినా, మూడూ ఒకే జాతి రంగులో లేత నుంచి ముదురుకు దిగినా ఆ చెదురు పోతుంది.

పూర్తిగా కలిసిపోవడం కూడా ఒక లోపమే. తెలుగు ఊళ్లలో మ్యాచింగ్ సెంటర్లు ఒక సంస్థ లాంటివి. చీర కొంగు పట్టుకెళ్తే గోడనిండా పేర్చిన జాకెట్టు గుడ్డల్లోంచి అచ్చం ఆ ఛాయే తీసి ఇస్తారు. ఆ తర్వాత గాజులు, బొట్టు, చెప్పులు, చేతిసంచి దాకా అదే రంగు వెతకడం ఒకప్పుడు శ్రద్ధకు గుర్తు. అయితే మనస్తత్వ పరిశోధకుడు కర్ట్ గ్రే బృందం 2014లో ప్రచురించిన ఒక పరిశోధనలో దుస్తుల రంగుల కలయికలను చూపి, ఏవి ఫ్యాషన్‌గా ఉన్నాయో జనాన్ని అడిగారు. అన్నీ ఒకేలా ఉన్న జతలకూ, ఒకదానికొకటి సంబంధమే లేని జతలకూ తక్కువ మార్కులు పడ్డాయి. మధ్యస్థంగా కలిసినవాటికి ఎక్కువ పడ్డాయి. ఇది ఒక్క పరిశోధన, మొత్తం ప్రశ్నకు తీర్పు కాదు. కానీ మంచి అభిరుచి ఉన్నవారి అలవాటుతో సరిపోతుంది. చీర ఒంటి రంగుకు సరిజోడు జాకెట్టు కన్నా, అంచులోనో బుటాలోనో కొద్దిగా కనిపించే రంగును పైకి తెచ్చి జాకెట్టుగా కుట్టిస్తే ఆ చీరలో అంతవరకు కనపడనిదేదో కనపడుతుంది. పోచంపల్లి ఇక్కత్ చీరల్లో ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే కట్టి అద్దిన దారం వల్ల ఆకారాల అంచులు కొద్దిగా చెదిరి ఒక రంగు మరోదానిలోకి జారుతూ ఉంటుంది.

లేత-ముదురు తేడాకు సొంత శక్తి ఉంది. నలుపు తెలుపుల జత దూరం నుంచే గీత గీసినట్టు కనిపిస్తుంది, లాంఛనంగా తోస్తుంది. మీగడ రంగు మీద గంధం రంగు వేస్తే తేడా తక్కువ, మెత్తదనం ఎక్కువ. రెండూ హుందాగానే ఉండగలవు. చిక్కు మధ్యలో వస్తుంది: జాతి వేరు, గాఢత ఎక్కువ, లేత-ముదురు మాత్రం దాదాపు సమానం అయిన రెండు రంగులు. ఒకే మోతాదు ముదురున్న ఎరుపు, పచ్చ ఇందుకు ఉదాహరణ. వాటి మధ్య సరిహద్దు కంటికి నిలకడగా ఆనదు. ఇలాంటి జతను సరిచేయడానికి రంగు మార్చనక్కర్లేదు. ఒకదాన్ని బాగా ముదురుగానో బాగా లేతగానో తీసుకుంటే చాలు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

చర్మఛాయకు ఏ రంగు నప్పుతుందన్న చర్చ అన్నింటికన్నా పాతది, అన్నింటికన్నా గజిబిజిది. అమెరికాలో కరోల్ జాక్సన్ 1980లో తెచ్చిన పుస్తకం మనుషులను నాలుగు రుతువులుగా విడదీసి ఒక్కొక్కరికీ ఒక రంగుల జాబితా ఇచ్చింది. విపరీతంగా అమ్ముడుపోయింది. బంగారు జుట్టు, నీలి కళ్లు, నల్ల జుట్టు, గోధుమ కళ్లు అన్నీ ఒకే వీధిలో కనిపించే సమాజంలో ఆ విభజనకు కొంత అర్థం ఉంది. నల్ల జుట్టు, ముదురు కళ్లు ఉన్నవారిని అది ఎక్కువగా ఒకే రుతువులో, చలికాలంలో పడేస్తుంది. అలాంటప్పుడు తెలుగువారికి దాని వల్ల ఒరిగేది తక్కువ. పరిశోధకులు డేవిడ్ పెరెట్, రైనర్ స్ప్రెంగెల్‌మేయర్ 2021లో ప్రచురించిన అధ్యయనంలో తెల్లని చర్మానికి చల్లని నీలాలను, ఎండకు రంగు తిరిగిన చర్మానికి నారింజ-ఎరుపులను జనం ఎక్కువగా ఎంచారు. అక్కడ చూపినవి తెల్లజాతి స్త్రీల ముఖాలే కాబట్టి చామనఛాయ మీద దాన్ని నేరుగా అన్వయించలేం.

తెలుగు ఇళ్లలో వినిపించే నియమం ఇంకా మొరటుది: రంగు తక్కువ పిల్లకు గాఢమైన రంగులు వద్దు, లేతవి కట్టు అని. కంటి లెక్కలో దీనికి ఆధారం లేదు. ముదురు చర్మం మీద పసుపు, చిలకపచ్చ, కనకాంబరం, ఆనంద బ్లూ నిలబడినంత బలంగా లేత చర్మం మీద నిలబడవు. తెలుపు, మీగడ రంగు కూడా అంతే. ఇబ్బంది పెట్టేవి చర్మానికి జాతిలోనూ ముదురులోనూ మరీ దగ్గరగా వచ్చే రంగులు. చామనఛాయ మీద బిస్కెట్ రంగు, మట్టి రంగు, కొన్ని ముక్కుపొడుం రంగులు ముఖం దగ్గర పడితే బట్ట ఎక్కడ ముగిసిందో ముఖం ఎక్కడ మొదలైందో తెలియక మొత్తం సొలసినట్టు ఉంటుంది. ఆ రంగు చీర ఇష్టమైతే కట్టకూడదని కాదు. ముఖానికి దగ్గరగా ఉండేది జాకెట్టు, దాన్ని ముదురుగానో బాగా లేతగానో మారిస్తే సరిపోతుంది. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలు దశాబ్దాలుగా పెంచిన భయాన్ని రంగుల శాస్త్రం మీదికి నెట్టడం న్యాయం కాదు.

బట్ట స్వభావం అదే రంగును వేరుగా చూపిస్తుంది. పట్టు పోగు అడ్డుకోత దాదాపు త్రికోణంగా ఉండటం వల్ల వెలుతురును పట్టకంలా విరిచి పంపుతుంది. పట్టులో ముదురు రంగులకు నిండుదనం, గాఢమైన రంగులకు మెరుపు వచ్చేది అందువల్లే. మెర్సరైజ్ చేసిన నూలుకు కొంత ఆ గుణం అబ్బుతుంది. మామూలు చేనేత నూలు వెలుతురును చెదరగొడుతుంది కాబట్టి అదే రంగు అక్కడ ఒక మెట్టు దిగి కనిపిస్తుంది. మెరిసే పాలియెస్టర్ శాటిన్ మీద గాఢమైన గులాబీ మెరుపు మీద మెరుపు అవుతుంది. అదే గులాబీ వెంకటగిరి నూలు మీద సహించదగ్గదిగా మాత్రమే కాదు, అందంగానూ ఉంటుంది. గాఢత పెరిగేకొద్దీ మెరుపు తగ్గించుకోవాలన్నది దాదాపు తిరుగులేని లెక్క. టస్సరుకు అద్దకం లేకుండానే తేనె రంగు ఉంటుంది. దాని మీద వేసిన ఏ రంగూ పూర్తిగా అరవలేదు.

వెలుతురు మారితే అదే బట్ట మరో బట్టవుతుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వెలుతురు సుమారు 2,700 కెల్విన్‌ల వెచ్చని పసుపు. పగటి వెలుతురుకు ప్రమాణంగా తీసుకునేది 6,500 కెల్విన్‌లు. పసుపు దీపాల కింద ఎరుపు, నారింజ పొంగుతాయి. నీలం, ఊదా నల్లబడతాయి. రెండు గుడ్డలు దుకాణంలో అచ్చం ఒకేలా ఉండి, వీధిలోకి రాగానే వేరైపోవడం కూడా ఇందులో భాగమే. వాటిలోని అద్దకపు రసాయనాలు వేరు, ఒక దీపం కింద మాత్రమే అవి కలుస్తాయి. జాకెట్టు గుడ్డను గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూసే అలవాటు అతిజాగ్రత్త కాదు. రాత్రి పెళ్లికి కట్టే చీరనైతే పగటి వెలుతురులో చూసి ఊరుకోకూడదు, పసుపు దీపం కింద కూడా చూడాలి.

ముదురు, మసక రంగులే హుందా అన్న భావానికి చరిత్ర ఉంది, అది ఒకచోట పుట్టింది కాదు. ఇటలీలో బాల్దసారె కాస్తిల్యోనె 1528లో ప్రచురించిన సభామర్యాదల గ్రంథం ఆస్థానంలో ఉండేవాడి దుస్తులకు నలుపును, అది కాకపోతే ముదురు రంగును మెచ్చింది. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో లండన్‌లో వేషధారణకు పేరుపడ్డ బో బ్రమెల్ ముదురు నీలం కోటు, లేత రంగు అడుగు దుస్తులతో మగవారి వేషాన్ని సాదాకు తిప్పాడు. నేటి సూటు ఆ వంశానిదే. 1926లో వోగ్ పత్రిక కోకో షనెల్ గీసిన చిన్న నల్ల గౌనును ఫోర్డ్ కారుతో పోల్చింది, అందరూ వేసుకునేది అవుతుందని. జపాన్‌లో ఎదో అని పిలిచే చారిత్రక కాలంలో ప్రభుత్వం వర్తకులకు ఆడంబరమైన రంగులను నిషేధించింది. అద్దకంవాళ్లు ఊరుకోలేదు. గోధుమ, బూడిద రంగుల్లోనే లెక్కలేనన్ని సూక్ష్మమైన ఛాయలు తీశారు. నలభై ఎనిమిది గోధుమలు, వంద బూడిదలు అన్న నానుడి అప్పటిదే. ఆంక్షగా మొదలైనది అభిరుచిగా స్థిరపడింది.

గాఢమైన రంగుల మీద అనుమానానికి రసాయన శాస్త్రం కూడా కొంత కారణం. 1856లో విలియం పెర్కిన్ పద్దెనిమిదేళ్ల వయసులో తొలి కృత్రిమ ఊదాను తయారుచేశాడు. 1897లో జర్మనీ కంపెనీ బాస్ఫ్ కృత్రిమ నీలిమందును బజారులోకి తెచ్చింది. అంతకుముందు చెట్టు వేరు, ఆకు, కాయల నుంచి వచ్చే రంగుల్లో ఒకటికి మించిన వర్ణద్రవ్యాలు కలిసి ఉండేవి. అందువల్ల ఎరుపులో కాస్త గోధుమ, నీలంలో కాస్త పచ్చ ఛాయ ఉండి ఒకదానితో ఒకటి సులభంగా సర్దుకునేవి. కరక్కాయ, పటిక, చిరివేరు, ఇనుము-బెల్లం నీటి నలుపుతో చేసే మచిలీపట్నం కలంకారీలో ఐదారు రంగులున్నా గొడవ అనిపించకపోవడానికి కారణం అదే. నూనెలో నానబెట్టిన దారంతో నేసే తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపు మూడింటితోనే ముగించి ఇంకా ముందుకు వెళ్లింది. కృత్రిమ రంగులు చౌకగా, నికార్సయిన గాఢతతో రాగానే గాఢత గొప్పతనం కోల్పోయింది. అందరికీ అందేది ప్రత్యేకం కాదు కదా. ఈ కోణంలో చూస్తే మసక రంగులకున్న హుందాతనంలో సగం కంటి సంగతి, సగం తరగతి సంగతి.

సందర్భం ఈ లెక్కలన్నింటినీ తిప్పేయగలదు. తెలుగు పెళ్లిలో వధూవరుల మధుపర్కాలు తెల్లని నూలు మీద ఎర్రంచు. రంగుల శాస్త్రం ప్రకారం అది ఎంతో స్పష్టమైన జత, ఆచారం ప్రకారం అది తప్ప వేరేది అక్కడ కుదరదు. క్రైస్తవ వధువు తెల్ల చీర, హైదరాబాదీ ముస్లిం వధువు ఎర్రని ఖడా దుపట్టా ఆయా చోట్ల అంతే సహజం. శుభకార్యానికి నలుపు కూడదని తెలుగిళ్లలో పెద్దలు అడ్డుపడతారు. మహారాష్ట్రలోనైతే సంక్రాంతికి నలుపే కట్టుకుంటారు. వేడుకలో పెళ్లికూతురికన్నా గాఢంగా కనబడే చుట్టం చీర ఎంత మంచిదైనా అక్కడ హుందాగా ఉండదు. సంతాపానికి వెళ్లేచోట మెరిసే జరీ, గాఢమైన ఎరుపు అంతే. రంగుకు మర్యాద ఉందంటే అది పక్కవాళ్లకు చోటు వదలడమే.

మగవారి ఎంపిక సులువనుకుంటారు గానీ, రంగులు తక్కువ కావడం వల్ల తప్పు ఎక్కువ కనిపిస్తుంది. ముదురు నీలం, బొగ్గు బూడిద ప్యాంట్లు తెలుపు, లేత నీలం, లేత గులాబీ చొక్కాలన్నింటితో కుదురుతాయి. నల్ల ప్యాంటు మీద ముదురు నీలం చొక్కా మాత్రం పగలు పొరపాటున వేసుకున్నట్టుంటుంది, ఎందుకంటే తేడా ఉందో లేదో తెలియనంత చిన్నది. బెల్టు, బూట్లు ఒకే జాతి రంగులో ఉండటం చాలు, అచ్చం ఒకటే కానక్కర్లేదు. జరీ అంచు తెల్ల పంచె, కండువాతో చొక్కాగా మీగడ రంగు నప్పినట్టు బాగా నీలి తెలుపు నప్పదు. ఇప్పటి సబ్బుపొడుల్లో, తెల్ల నూలు బట్టల్లో వెలుగు పెంచే రసాయనాలు కలుపుతారు. అవి కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలి వెలుగుగా వదులుతాయి. దాని పక్కన జరీ పసుపు చౌకగా తోస్తుంది.

బీరువా మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే, మసక లేక ముదురు రంగులు రెండు మూడింటిని పునాదిగా పెట్టుకుని, గాఢమైన రంగులను వాటితో కలిసేలా కొనడం ఖర్చు తగ్గిస్తుంది. బూడిద, ముదురు నీలం, మీగడ, ఆలివ్, మెరూన్ ఇందుకు పనికొస్తాయి. తెలుగువారి ఎండల్లో నలుపును పునాదిగా పెట్టుకోవడం సలహా కాదు; వేడిని పీలుస్తుంది, చెమట ఉప్పు తెల్లగా తేలుతుంది. నగల లోహం కూడా ఒక రంగే. వెచ్చని రంగుల పక్కన బంగారం కలిసిపోతుంది; చల్లని బూడిద, నీలాల పక్కన వెండి. గాఢమైన పచ్చ, మెరూన్‌ల మీద బంగారం తేలి నిలుస్తుంది.

ఎంత బాగా ఎంచినా రంగు వెలిస్తే అన్నీ వృథా. ముదురు నీలం, నలుపు, మెరూన్ నూలు బట్టల్లో ఇది ముందుగా కనబడుతుంది: మోచేతుల దగ్గర, మడతల మీద, కాలరు అంచున. కొత్త బట్టను ఉప్పు నీళ్లలో నానబెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే గానీ, అద్దకంలో పట్టని రంగును అది తర్వాత పట్టించలేదు. మొదటి రెండు మూడు సార్లు విడిగా చన్నీళ్లలో ఉతకడం, వెలుగు రసాయనం లేని సబ్బు వాడటం, తిరగేసి నీడలో ఆరేయడం ఎక్కువ మేలు చేస్తాయి. పట్టు చీర మడతలను కొన్ని నెలలకొకసారి మార్చి వేయాలి. లేకపోతే జరీ మడత గీత దగ్గర విరిగి, రంగు ఆ గీత వెంట పలచబడుతుంది.